మనకు కనిపించని మిణుకు మనకెందుకు?

ఈ మధ్య ఒక బడికి వెళ్ళి, ధ్రువ కాంతుల బొమ్మలు చూపిస్తూ గంటసేపు మాట్లాడాను. అరోరా అని కూడా అంటారే, ఆ వెలుగులు. ధ్రువాలకు దగ్గరగా ఉన్న దేశాల్లో రాత్రివేళ ఆకాశానికి ఆకుపచ్చ తెరలు వేలాడదీసినట్టు కనిపిస్తాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. చివర్లో, ఈ వెలుగుల్లో కొన్ని మిణుకుమిణుకుమంటాయనీ, ఆ మిణుకుకు కారణమైన ఎలక్ట్రాన్ల ఆరా తీయడానికి శాస్త్రజ్ఞులు రాకెట్లు కూడా వేస్తున్నారనీ చెప్పాను.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి నిలబడింది.

"సార్, ఆ వెలుగే మన ఊళ్ళో కనిపించదు. కనిపించని వెలుగు మిణుకుమంటే మనకేం, మాడిపోతే మనకేం? ఆ డబ్బు ఇంకో మంచి పనికి ఖర్చుపెట్టుకోవచ్చు కదా?"

తోటి పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అది చాలా మంచి ప్రశ్న. ఇంతలో గంట కొట్టేశారు. రెండు ముక్కలు చెప్పి తప్పించుకుని వచ్చేశాను. ఆ అమ్మాయికి పడిన బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను. మీరూ వినండి. నా మాట నచ్చకపోతే వాదించండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ధ్రువ కాంతి ఎంత అందంగా ఉన్నా, మనకు ఎక్కువ అవసరమైనది దాని అందం కాదు, దాని మిణుకే. ఎందుకో చెప్పాలంటే మా ఊరి రైసుమిల్లు దగ్గర మొదలుపెట్టాలి.

నా చిన్నతనంలో ఆ మిల్లు మా ఇంటికి మైలు దూరంలో ఉండేది. అక్కడ మోటారు వేయగానే ఇక్కడ మా ఇంట్లో బల్బు ఒక్కసారి కుంగి, మళ్ళీ తేరుకునేది. "మిల్లు వేశార్రా, వడ్లు పట్టుకెళ్ళు" అనేది అమ్మమ్మ. ఆమె మిల్లును చూడలేదు, దాని చప్పుడు వినలేదు. బల్బును చూసింది, అంతే. నిలకడగా వెలిగే బల్బు చెప్పేది ఒకే ఒక్క సంగతి: కరెంటు ఉంది. కుంగిన బల్బు మాత్రం మైలు దూరంలో ఏం జరిగిందో కబురు చెబుతుంది. ధ్రువ కాంతి కూడా అలాంటి బల్బే. కాకపోతే అది చెప్పే కబురు వేల కిలోమీటర్ల దూరం నుంచి వస్తుంది.

అసలు ఆ వెలుగు ఎలా పుడుతుంది? మీ ఇంట్లోనో, మీ తాతగారింట్లోనో బోషాణం లాంటి పాత టీవీ ఉంటే దాన్ని గుర్తు తెచ్చుకోండి. దాని వెనకభాగంలో పుట్టిన ఎలక్ట్రాన్లు వేగంగా దూసుకొచ్చి, ముందున్న గాజు తెర లోపలి పూతకు తగిలేవి. తగిలినచోట వెలుగు. ధ్రువాల దగ్గర కూడా ఇదే వరస. అక్కడ తెర మన గాలిపొరే. నేలకు 100 కిలోమీటర్లు, ఆపైన ఉన్న పలుచని గాలి. అంతరిక్షం నుంచి భూమి అయస్కాంత బలరేఖల వెంట దిగివచ్చిన ఎలక్ట్రాన్లు అక్కడి ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను ఢీకొంటాయి. దెబ్బ తిన్న పరమాణువులు, అణువులు వెలుగు కక్కుతాయి.

ఇది ఊహ కాదు. నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండ్ వంద సంవత్సరాల క్రితమే, గాలి తీసేసిన గాజు పెట్టెలో అయస్కాంతపు గుండు ఒకటి పెట్టి, దాని మీదికి ఎలక్ట్రాన్లను వదిలి, ధ్రువాల చుట్టూ వెలుగు రావడం చూపించాడు. 1958లో కార్ల్ మెక్‌ఇల్వైన్ అనే అమెరికన్ కెనడాలోని ఫోర్ట్ చర్చిల్ నుంచి ధ్రువ కాంతిలోకే రాకెట్లు పంపి, ఆ ఎలక్ట్రాన్ల శక్తిని నేరుగా కొలిచాడు. అది కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టులని తేలింది. దాదాపు మన పాత టీవీ గొట్టంలో ఉండే స్థాయే!

ఇక మిణుకు సంగతికి వద్దాం. అందులో రెండు రకాలు.

మొదటిది వేగమైన మిణుకు. ధ్రువ కాంతి ఒక్కసారిగా విజృంభించే వేళ, అందులో కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న మచ్చలు సెకనుకు పదిసార్లు అటూ ఇటూగా మిణుకుమంటాయి. ఈ మిణుకును కెమెరాతో పట్టాలంటే ఒక చిక్కుంది. ఆకుపచ్చ వెలుగును కక్కే ఆక్సిజన్ పరమాణువు కాస్త బద్ధకస్తురాలు. దెబ్బ తగిలాక వెలుగు ఇవ్వడానికి సుమారు ముప్పాతిక సెకను తీసుకుంటుంది. సెకనుకు పది దెబ్బలు పడినా ఆ వెలుగులో అన్నీ కలిసిపోయి ఒకే వెలుగులా కనిపిస్తాయి. నైట్రోజన్ అలా కాదు. దెబ్బ తగలడమే తడవు, వెలిగేస్తుంది. అందుకని శాస్త్రజ్ఞులు అందరూ మెచ్చుకునే ఆకుపచ్చను వడపోసి పక్కన పెట్టి, నైట్రోజన్ వెలుగునే చూస్తారు. చూశారా? అందంకోసం చూసేవాడికి కావలసిన వెలుగు వేరు, కబురుకోసం చూసేవాడికి కావలసిన వెలుగు వేరు.

సెకనుకు పదిసార్లే ఎందుకు? బలరేఖల వెంట కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళితే, అక్కడి ఆక్సిజన్ అయాన్లు బలరేఖ చుట్టూ సెకనుకు సుమారు పదిసార్లు గిరగిరా తిరుగుతుంటాయి. ఆ తిరుగుడుతో ముడిపడిన తరంగాలు అక్కడ పుట్టి, కిందికి దిగే ఎలక్ట్రాన్లను అదే లయలో తోస్తాయి. మిల్లు అక్కడ ఉంది, బల్బు ఇక్కడ కుంగుతోంది!

2016 మార్చి 19న జపాను శాస్త్రజ్ఞులు అలాస్కాలోని పోకర్ ఫ్లాట్ దగ్గర సెకనుకు 160 బొమ్మలు తీసే కెమెరాను ఆకాశానికి గురిపెట్టారు. ధ్రువ కాంతి బాగా విజృంభించినప్పుడు సెకనుకు 50, 60 సార్లు, చివరికి 80 సార్లు కూడా మిణుకుమన్న జాడలు దొరికాయి. మన కంటికి ఇది అందదు. మీ ఇంటి బల్బు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతున్నా మీకు నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది కదా! ఆక్సిజన్ అయాన్లు బరువైనవి, ఇంత వేగం వాటి వల్ల కాదు. అందుకని తేలికైన హైడ్రోజన్ అయాన్లకు కూడా ఇందులో చెయ్యి ఉండి ఉంటుందని 2017లో వాళ్ళు రాశారు. ఎక్కడో వేల కిలోమీటర్ల ఎత్తున ఏ అయాన్లున్నాయో, నేల మీద కూర్చుని మిణుకులు లెక్కపెట్టి ఊహించగలిగారన్నమాట.

రెండో రకం మిణుకు తాపీగా ఉంటుంది. అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజాముకు ముందు, పదుల కిలోమీటర్ల వెడల్పున్న మసకమచ్చలు కొన్ని సెకన్లకొకసారి వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, నాడి కొట్టుకున్నట్టు. దీన్ని స్పందించే ధ్రువ కాంతి అందాం. దీని మిల్లు ఇంకా చాలా దూరంలో, భూమధ్యరేఖకు పైన సుమారు 30 వేల కిలోమీటర్ల దూరాన ఉంది.

అక్కడ ఎలక్ట్రాన్లు బలరేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ ఉయ్యాల ఊగినట్టు తిరుగుతుంటాయి. వాటంతట అవి కింద పడవు. పడాలంటే ఎవరో ఒకరు కదిలించాలి. నేరేడు చెట్టెక్కి కొమ్మ ఊపితే పళ్ళు జలజలా రాలుతాయి. ఊపడం ఆపితే రాలడం ఆగుతుంది. చెట్టు మీద ఎవరున్నారో కనిపించకపోయినా, కింద పళ్ళు పడే తీరు చూసి, పైన ఎవరో ఆగి ఆగి ఊపుతున్నారని చెప్పవచ్చు. ఇక్కడ కొమ్మ ఊపేవి కోరస్ అనే తరంగాలు. వీటిని రేడియోలో ధ్వనిగా మార్చి వింటే, తెల్లవారకముందే చెట్టు మీద పిట్టలన్నీ కలిసి కూసినట్టు ఉంటుంది. అందుకే ఆ పేరు.

కోరస్ తరంగాలే దీనికి కారణమని చాలాకాలంగా అనుమానం ఉంది. అనుమానం వేరు, రుజువు వేరు. రుజువు కావాలంటే ఊపే చెయ్యినీ, రాలే పండునీ, నేల మీద పడ్డ మచ్చనీ ఒకే సమయంలో చూడాలి. జపాను 2016 డిసెంబరు 20న అరాసె అనే ఉపగ్రహాన్ని ఎగరేసింది. 2017 మార్చి 27న ఆ ఉపగ్రహం కోరస్ తరంగాలనూ, వాటి దెబ్బకు రాలిపోయే ఎలక్ట్రాన్లనూ కలిపి పట్టుకుంది. అదే బలరేఖ కింది కొన దగ్గర, కెనడాలో, నేల మీది కెమెరా స్పందించే వెలుగును చూసింది. రెండింటి లయా కలిసింది. సతోషి కసహర, ఆయన సహచరులు 2018లో ఈ సంగతి ప్రకటించారు. పై సాక్షి ఒక్కరే ఉన్నా, కింది సాక్షి ఒక్కరే ఉన్నా ఈ కేసు తేలేది కాదు.

"సరే సార్, బాగుంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది" అంటుంది ఆ అమ్మాయి. అమ్మాయీ, అక్కడికే వస్తున్నా.

కొమ్మ ఊపితే పండ్లతో పాటు ఎండు కొమ్మలు కూడా విరిగి పడవచ్చు. స్పందించే ధ్రువ కాంతికి కారణమైనవి కొన్ని వేల నుంచి పదుల వేల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు. వాటితో పాటు లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గలవి కూడా అప్పుడప్పుడు దిగుతుంటాయి. అవి 100 కిలోమీటర్ల దగ్గర ఆగవు. 60, 70 కిలోమీటర్ల ఎత్తుదాకా చొచ్చుకువస్తాయి. 2021లో యోషిజుమి మియోషి, ఆయన సహచరులు నార్వేలోని రాడార్ కొలతలను ఆధారం చేసుకుని లెక్కకట్టారు. ఇలాంటి సమయంలో ఆ ఎత్తున ఉన్న ఓజోన్ పది శాతానికి పైగా తగ్గిపోవచ్చని తేలింది. ఇక్కడ ఒక మాట. అతినీలలోహిత కిరణాలను ముఖ్యంగా ఆపే ఓజోన్ పొర ఇంకా కింద, 20, 30 కిలోమీటర్ల దగ్గర ఉంది. దానికేదో అయిపోయిందని కంగారుపడకండి. కానీ మన గాలిపొర పైభాగాన్ని సూర్యుడి వెలుగే కాదు, రాలే ఎలక్ట్రాన్లు కూడా మారుస్తున్నాయన్నది తెలుసుకోవలసిన విషయమే.

ఈ రెండు రకాల ఎలక్ట్రాన్లూ నిజంగా కలిసే దిగుతున్నాయా? అది చూడాలంటే మిణుకుమనే మచ్చ లోపలికే వెళ్ళాలి. ఉపగ్రహం ఆ మచ్చను కన్నుమూసి తెరిచేలోగా దాటిపోతుంది. బెలూను అంత ఎత్తుకు పోలేదు. మిగిలింది, పైకి వెళ్ళి కొద్ది నిమిషాల్లో కిందపడే చిన్న రాకెట్టు. అమెరికాకు చెందిన నాసా, జపాను శాస్త్రజ్ఞులతో కలిసి, 2022 మార్చి 5 తెల్లవారుజామున పోకర్ ఫ్లాట్ నుంచి అలాంటి రాకెట్టు ఒకటి వేసింది. దాని పేరు లాంప్. దీపమన్నమాట! అలెక్సా హాల్ఫర్డ్ అనే శాస్త్రవేత్త దానికి నాయకురాలు. ఆకాశం తేటగా ఉండాలి, ధ్రువ కాంతి రావాలి, అది స్పందించాలి. ఇన్నీ కుదిరేదాకా రాకెట్టును సిద్ధంగా పెట్టుకుని కాచుకోవాలి. ఆ ఓపిక ఎంత విలువైనదో, చేప కోసం గాలం వేసి కూర్చున్న వాళ్ళకు తెలుస్తుంది.

ఇక మనకెందుకు అన్నది. 1958లో జేమ్స్ వాన్ ఆలెన్, ఎక్స్‌ప్లోరర్ 1 అనే ఉపగ్రహం పంపిన లెక్కలు చూసి, భూమి చుట్టూ శక్తిమంతమైన కణాల వలయాలున్నాయని కనుక్కున్నాడు. వెలుపలి వలయంలో లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. వాటికి శాస్త్రజ్ఞులు పెట్టిన ముద్దుపేరు హంతక ఎలక్ట్రాన్లు! అవి ఉపగ్రహం లోపలికి చొరబడి, తీగల మీది తొడుగుల్లో పోగుపడి, చివరికి చిన్న పిడుగులా పేలుతాయి. 1994 జనవరి 20న కెనడా వారి అనిక్ ఉపగ్రహాలు రెండు ఇలాగే అదుపు తప్పాయి. ఒకటి కొన్ని గంటల్లో దారికి వచ్చింది. రెండోదాన్ని బాగుచేసుకోవడానికి నెలలు పట్టింది.

ఆ ఎలక్ట్రాన్లకు అంత శక్తి ఎక్కడిది? వాన్ ఆలెన్ పేరు పెట్టిన జంట ఉపగ్రహాలను 2012లో ఎగరేశారు. వాటి కొలతలతో 2013లో ఒక సంగతి బయటపడింది. శక్తి ఇచ్చేవాటిలో ముఖ్యమైనవి మన కోరస్ తరంగాలే! కొన్ని ఎలక్ట్రాన్లను కిందికి రాల్చే చెయ్యే మరికొన్నింటికి కండ పెంచి హంతకులుగా తయారు చేస్తుంది. ఆ చెయ్యి ఎక్కడ, ఎంత వెడల్పున, ఎప్పుడు ఊపుతోందో ఉపగ్రహానికి తానున్న చోటు మాత్రమే తెలుస్తుంది. ధ్రువ కాంతి మచ్చలు మాత్రం ఆకాశమంతా పటం గీసి చూపిస్తాయి. అందుకే ఆ మిణుకు మనకు కబురు అన్నాను.

ఇప్పుడు మన సంగతి. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన గురించి మీ పెద్దల నోట విని ఉంటారు. వేలమంది చనిపోయారు. బంగాళాఖాతం మీది మబ్బులను ఎప్పుడూ పైనుంచి కనిపెట్టుకుని ఉండే మన సొంత ఉపగ్రహం అప్పటికి లేదు. ఆ పని కోసం 2024 ఫిబ్రవరిలో ఇన్సాట్-3డీఎస్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి పంపించాం. అది ఉండేది సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. అంటే, హంతక ఎలక్ట్రాన్లు తిరిగే వీధిలోనే మన కాపలాదారుకు ఇల్లు కట్టాం. ఆ వీధిలో ఎప్పుడేం జరుగుతుందో మనకు అక్కరలేదా?

మిణుకును చదివితే రేపటినుంచి ఉపగ్రహాలకు ఏ ఆపదా రాదని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళను నమ్మకండి. వాతావరణ శాస్త్రం కూడా ఒక్కరోజులో తుపానును ముందే చెప్పలేదు. ఎందరో ఎన్నో ఏళ్ళు గాలినీ, వాననూ, ఒత్తిడినీ కొలిచి రాసిపెట్టారు. ఆ రాసిపెట్టినవాళ్ళలో చాలామందికి, తమ కొలత ఎవరి ప్రాణం కాపాడుతుందో తెలియదు.

డబ్బు మాటకొస్తే, ఉపగ్రహంతో పోలిస్తే చిన్న రాకెట్టు చాలా చవక. మన దేశపు అంతరిక్ష యాత్ర మొదలైంది కూడా అలాంటి రాకెట్టుతోనే. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి అది ఎగిరింది. తుంబానే ఎందుకు ఎంచుకున్నారు? అయస్కాంత భూమధ్యరేఖ ఆ దగ్గరగా పోతుంది కనుక. ఆ రేఖకు పైన సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున విద్యుత్తు ఏరులా ప్రవహిస్తుంది. అలాస్కావాళ్ళకు తలమీద ధ్రువ కాంతి ఉంది. మనకు తలమీద ఆ ఏరు ఉంది. అమెరికా ఇచ్చిన రాకెట్లు తెచ్చుకుని మన ఏటిని కొలుచుకున్నాం. "మా ఊళ్ళో లేని ఏరు మాకెందుకు" అని వాళ్ళు అనుకుని ఉంటే?

అన్నట్టు, ఆ వెలుగు మన దేశంలో కనిపించనే కనిపించదు అనుకోవడం కూడా పొరపాటే. 2024 మే 10 రాత్రి లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం అంచు ఎర్రబారింది. పెద్ద సౌర తుపాను ఫలితం అది. ఆ ఎరుపు కూడా ఆక్సిజన్‌దే. ఆకుపచ్చ విషయంలో బద్ధకస్తురాలన్నాను కదా, ఎరుపు విషయంలో కుంభకర్ణుడి చెల్లెలే! వెలగడానికి నిమిషంన్నరకు పైగా తీసుకుంటుంది. కాబట్టి ఆ ఎరుపులో వేగమైన మిణుకు కోసం వెతికినా దొరకదు. దొరకదని ముందే చెప్పగలగడమూ మిణుకును చదువుకున్న ఫలితమే.

అమ్మాయీ, నా జవాబు ఇదీ. నువ్వు వేసిన ప్రశ్న తప్పు కాదు. ఏ పనికైనా "ఎందుకు" అని అడగవలసిందే. కాకపోతే "మన ఊళ్ళో కనిపిస్తుందా" అన్నది సరైన కొలబద్ద కాదని నా వాదన. మా అమ్మమ్మకు మిల్లు కనిపించలేదు. బల్బు కుంగడం కనిపించింది. ఆ చిన్న కుంగుబాటును ఆమె పట్టించుకుంది కనుక, మా ఇంట్లో ఆ పూట బియ్యం ఉండేవి.

ఈ రాత్రి మీ ఇంట్లో లైటు ఒక్క క్షణం కుంగితే విసుక్కోకండి. ఎక్కడ, ఏ మోటారు వేశారో కనుక్కోవడానికి ప్రయత్నించండి. ఎన్నింటికి కుంగిందో, ఎన్నిసార్లు కుంగిందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. వారం రోజులు రాస్తే, మీ వీధిలో ఎవరూ చెప్పకుండానే మీకు తెలిసిపోయే సంగతులు కొన్ని ఉంటాయి. అలాస్కాలో రాకెట్టు పక్కన కాచుకుని కూర్చున్నవాళ్ళు చేసిన పని కూడా అదే.